కార్లాక్ భుజాలు, డేమ్ ఐలిన్ రెక్కలు: బాల్డర్స్ గేట్ 3 సమీక్ష

బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్ రూపొందించిన బాల్డర్స్ గేట్ 3, అంటే మనం ఒక పాత్రగా మారి సహచరులతో కలిసి కథను నడిపే కాల్పనిక వీడియో గేమ్, 2023 ఆగస్టు 3న పీసీ మీద, సెప్టెంబరు 6న ప్లేస్టేషన్ 5 మీద, ఆ ఏడాది డిసెంబరులో ఎక్స్‌బాక్స్ మీద విడుదలైంది. అదే సంవత్సరం గేమ్ అవార్డ్స్ వేదిక మీద ఉత్తమ గేమ్ పురస్కారం కూడా అందుకుంది. దాని పోరాట విధానం గురించి, ప్రతి నిర్ణయానికీ పాచిక వేయించే పద్ధతి గురించి, శాఖోపశాఖలుగా విస్తరించే కథ గురించి తెలుసుకోగోరే వారికి సమాచారానికి కొదవ లేదు. ఈ సమీక్షలో నేను పరిశీలించదలచినది వేరు. కార్లాక్, డేమ్ ఐలిన్ వంటి పాత్రల ద్వారా, ఎత్తుగా, కండలు తిరిగిన దేహంతో ఉన్న స్త్రీని ఈ గేమ్ ఎంత అందంగా, ఎంత ప్రేమించదగిన మనిషిగా చూపగలిగింది, ఆ ప్రయత్నంలో ఎక్కడ తడబడింది అన్నదే నా ప్రశ్న. కథ ముగింపును కూడా చర్చించక తప్పదు కనుక, గేమ్‌ను ఇంకా పూర్తి చేయనివారు ఆ సంగతి గమనించి ముందుకు సాగాలని మనవి.

నా నిర్ణయాన్ని మొదటే చెబుతాను. బలమైన స్త్రీ బలం తగ్గించుకుంటేనే అందగత్తె అవుతుందన్న పాత షరతును ఈ గేమ్ ఎక్కడా పెట్టలేదు. ఆమె దేహాన్ని వింతగా ప్రదర్శించలేదు. చూసీ చూడనట్టు వదిలేయవలసిన లోపంగానూ తీసుకోలేదు. ఆ దేహమే ఆకర్షణకు మూలమని నమ్మి, ఆ నమ్మకం మీద కథను కట్టింది. ఇంత పెద్ద నిర్మాణవ్యయంతో వచ్చిన గేములలో ఇలాంటి నమ్మకం నాకు అరుదుగా కనిపించింది.

ఆ షరతు ఎంత పాతదో మన కథలలోనే చూడవచ్చు. మహాభారతం ఆదిపర్వంలో హిడింబ అడవిలో భీముణ్ణి చూసి మనసు పడుతుంది. మనసు పడిన వెంటనే ఆమె చేసే పని తన సహజరూపాన్ని విడిచి చక్కని మానవకాంతగా మారడం. ఆ తరువాతే ఆమె అతని ముందుకు వెళుతుంది. రాక్షసజాతి స్త్రీకి అంత శక్తి ఉన్నా, ప్రేమ అడిగే వేళకు మాత్రం ఆ శక్తి కనిపించే దేహం పనికిరాదని కథ ముందే తీర్మానించేసింది. మన ప్రబంధకవులు నాయిక నడుము ఉందా లేదా అని సందేహపడుతూ పద్యాల మీద పద్యాలు చెప్పారు. ఆ వర్ణనల సొగసును నేను కాదనను. కానీ, వాటిని చదువుతూ పెరిగిన భాషలో వెడల్పాటి భుజాలున్న నాయికకు చోటు దొరకడం ఎంత కష్టమో ఆలోచించకుండా ఉండలేను. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించినప్పుడు దేశమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఆ భుజాలను గౌరవించాం. అయితే ఆ తరువాత వచ్చిన మన సినిమాలలో, నవలలలో అలాంటి భుజాలున్న స్త్రీని చూసి కథానాయకుడు గుండె జారవిడుచుకున్న సందర్భాలను వెదకబోతే చేతికి దాదాపు ఏమీ దొరకదు. నాయిక కత్తి పట్టి పదిమందిని పడగొట్టినా, ఆ పని చేసే దేహం మాత్రం సన్నగానే ఉండాలి. పెళ్ళిసంబంధాల దగ్గరకు వస్తే అమ్మాయి అబ్బాయి కంటే ఒక అంగుళం ఎక్కువ ఉన్నా పెద్దలు ఆలోచనలో పడతారు. బడిలో ప్రార్థన వరుసలో ఎప్పుడూ చిట్టచివర నిలబడిన మనిషిని కనుక ఈ విషయంలో నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉందని దాచుకోను.

గేముల ప్రపంచంలో కూడా ఇటీవల రెండు ప్రయత్నాలు విస్తృతమైన చర్చకు దారితీశాయి. వాటిని తలచుకోకుండా బాల్డర్స్ గేట్ 3 చేసిన పని విలువ తెలియదు. 2020 జూన్‌లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 గేమ్‌లో ఆబీ అనే పాత్రకు క్రాస్‌ఫిట్ అనే కఠిన వ్యాయామ క్రీడలో పాల్గొనే నిజమైన క్రీడాకారిణి కోలీన్ ఫోచ్ దేహాన్ని నమూనాగా తీసుకున్నారు. తండ్రిని చంపినవారి మీద పగ తీర్చుకోవడానికి ఏళ్ళ తరబడి కసరత్తు చేసిన యువతి ఆమె. తిండికి, వ్యాయామశాలకు లోటు లేని సైనికస్థావరంలో ఉండడం కూడా ఆ దేహానికి కారణంగా కథ చూపించింది. అయినా స్త్రీకి అలాంటి చేతులు ఉండవని వాదించినవారు ఎందరో. ఆ పాత్రకు గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి హత్యాబెదిరింపులు కూడా వచ్చాయి. 2025లో అదే కథ టీవీ ధారావాహికగా రెండో భాగంలోకి వచ్చేసరికి, ఆబీ పాత్రలో ఆ కండలే లేవు. నటి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. కానీ అంత ధైర్యంగా నిర్మించిన దేహాన్ని అంత సులువుగా వదిలేయగలగడం నన్ను బాధించింది.

రెండవది 2021 మే నెలలో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్. అందులోని లేడీ డిమిట్రెస్కు టోపీ, ఎత్తుమడమల చెప్పులు కలుపుకొని 2.9 మీటర్ల పొడవుంటుందని తయారీదారులు ప్రకటించిన రోజుల్లో ఇంటర్నెట్ అంతా ఆమె బొమ్మలతో నిండిపోయింది. ఎత్తయిన స్త్రీ ఆకర్షణీయంగా ఉండగలదని అంతమంది బాహాటంగా ఒప్పుకోవడం సంతోషకరమే. అయితే ఆ ఆకర్షణకు పునాది భయం. ఆమె రక్తం తాగే రాక్షసి. తలుపు దగ్గర వంగి లోపలికి రావడం, పైనుంచి మనల్ని వెదుకుతూ చూడడం, ఇవే ఆమె ఎత్తుకు కథలో ఉన్న పనులు. ఆట తొలిభాగంలోనే ఆమె వికృతమైన జంతువుగా మారి మరణిస్తుంది. ఆ పాత్రను చూస్తున్నంతసేపూ ఆమెకు కూర్చుని మాట్లాడుకునే ఒక్క సాయంత్రం కూడా కథ ఇవ్వలేదన్న వెలితి నాకు మిగిలింది.

ఇప్పుడు కార్లాక్ సంగతికి వస్తాను. బాల్డర్స్ గేట్ 3లో మనతో ప్రయాణించే సహచరులలో ఆమె ఒకతె. టీఫ్లింగ్ అనే కొమ్ముల జాతికి చెందినది. ఎర్రని చర్మం, విరిగిన ఒక కొమ్ము, దేహం నిండా మచ్చలు, పచ్చబొట్లు, ఒకవైపు పొట్టిగా కత్తిరించిన జుట్టు, మన పాత్ర మామూలు దేహంతో ఉంటే తల ఎత్తి చూడవలసినంత పొడవు, గొడ్డలి తిప్పడానికి సరిపోయే భుజాలు. యజమానిగా నమ్మిన గోర్టాష్ ఆమెను నరకంలోని జారియెల్ అనే సేనానికి అమ్మేశాడు. అక్కడ ఆమె గుండెను తీసి దాని స్థానంలో అగ్నితో నడిచే ఒక ఇంజిన్‌ను బిగించారు. పదేళ్ళు నరకయుద్ధంలో సైనికురాలిగా పోరాడి, తప్పించుకుని వచ్చి, నది ఒడ్డున గాయాలతో మనకు కనిపిస్తుంది.

ఆమెను మనం కలుసుకునే తీరే మెచ్చుకోదగినది. మనం ఆమెను చూడకముందే ఇతరులు ఆమె గురించి చెబుతారు. మన సహచరుడు విల్ ఆమెను ప్రమాదకరమైన దయ్యమని నమ్మి వేటాడుతూ వస్తాడు. న్యాయదేవత సేవకులమని చెప్పుకునే కొందరు యోధులు ఆమె తల తెమ్మంటారు. తీరా ఎదురుపడి మాట్లాడితే ఆమె నరకంలో బానిసగా బతికిన మనిషి, ఆ యోధులే వేషధారులు. పెద్ద దేహమున్న స్త్రీని భూతమని పిలిచిన నోళ్ళు అబద్ధాలు చెప్పాయని కథ తొలి అడుగులోనే నిరూపిస్తుంది. విల్ ఆమెను చంపకుండా వదిలినందుకు శిక్షగా అతని తలకే కొమ్ములు మొలుస్తాయి. ఆ శిక్షను అతడు భరిస్తాడు గాని, ఆమెను విడిచిపెట్టినందుకు చింతించడు. తోటి మనిషి ఆమె విలువను గుర్తించిన తీరు మనకూ ఒక దారి చూపుతుంది.

కార్లాక్‌ను ప్రేమించదలచిన ఆటగాడికి కథ పెట్టే అడ్డంకి ఈ గేమ్ మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది. ఆమె గుండెలోని ఇంజిన్ వేడికి ఆమెను ఎవరూ తాకలేరు. చేయి పట్టుకున్నా కాలుతుంది. పదేళ్ళుగా ఆమెను ప్రేమగా తాకినవారు లేరు. అందుకే ఆమె మాటల నిండా స్పర్శ కోసం తపన ఉంటుంది, కౌగలింతల కోసం ఆరాటం ఉంటుంది. ఆ తపనను ఆమె దాచుకోదు, సిగ్గుపడదు. బిగ్గరగా నవ్వుతుంది, బూతులు మాట్లాడుతుంది, చిన్నపిల్లలను చూసి మురిసిపోతుంది. శిబిరంలో ఆమె గుడారం దగ్గర ఒక గుడ్డ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. నరకపు ఇనుమును వెదికి తెచ్చి డామన్ అనే కమ్మరికి ఇస్తే అతడు ఇంజిన్‌ను కొంత బాగుచేస్తాడు. మొదటి మరమ్మతుతో వేడి అదుపులోకి రాదు. రెండవ అంకంలో, లాస్ట్ లైట్ సత్రంలో జరిగే రెండవ మరమ్మతు తరువాతే ఆమెను తాకగలుగుతాం.

ఈ ఏర్పాటు వల్ల ఏం జరిగిందో గమనించండి. సాధారణంగా కండలున్న స్త్రీపాత్రను తెర మీదకు తెచ్చినప్పుడు ఆ చేతులు కొట్టడానికే ఉన్నాయని మన కన్ను అలవాటుగా అనుకుంటుంది. ఇక్కడ కథలోని ఒక అంకం పూర్తిగా, మరో అంకంలో కొంత మేర, మనం ఆ చేతులనే చూస్తూ అవి ఎప్పుడు ఎవరిని దగ్గరకు తీసుకుంటాయా అని ఎదురుచూస్తాం. యుద్ధంలో ఆ చేతులే శత్రువును ఎత్తి విసిరేస్తాయి, ఆమె ఆవేశం పూనినప్పుడు దేహం నిండా మంటలు లేస్తాయి. ఆ సాయంత్రం శిబిరంలో అదే మనిషి ఒక కౌగిలి దొరకక విలవిల్లాడుతుంది. బలానికీ సున్నితత్వానికీ మధ్య పోటీ పెట్టి ఒకటి తీసేసి మరొకటి ఇవ్వడం సులువు. రెండింటినీ ఒకే దేహంలో, ఒకే రోజులో చూపించడం కష్టం, ఆ కష్టాన్ని రచయితలు తీసుకున్నారు. ఎట్టకేలకు ఆమె మనల్ని తాకగలిగినప్పుడు ఆ క్షణానికి ఉన్న బరువు, మూడు మాటలకే ప్రేమ ప్రకటించే ఇతర సహచరుల సన్నివేశాలకు లేదు.

కెమెరా విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ గేమ్‌లో సంభాషణలు ముఖాముఖిగా, కంటి ఎత్తున జరుగుతాయి. కార్లాక్‌ను పాదాల నుంచి తల దాకా తడిమి చూపే దృశ్యంతో పరిచయం చేయలేదు. ఆమె చేతులు కనిపించే దుస్తులే వేసుకుంటుంది, కాబట్టి కండలు ఎప్పుడూ కంటి ముందే ఉంటాయి. వాటిని చూడండి అని ఎవరూ మనల్ని మోచేత్తో పొడవరు. ఇతర పాత్రలు కూడా ఆమె ఎత్తు గురించి పరిహాసమాడుతూ పొద్దుపుచ్చరు. కవచాలు స్త్రీ ధరించినా పురుషుడు ధరించినా కవచాలలాగే ఉంటాయి. పొట్ట, తొడలు బయటపెట్టే ఇనుపతొడుగులు యోధురాలికి వేయించే పాత అలవాటును లారియన్ చాలా వరకు పక్కన పెట్టింది. చూపును ఒకచోటికి బలవంతంగా తిప్పని చోట, చూడాలన్న కోరిక మనలోనుంచే పుడుతుందని ఈ గేమ్ ఆడాక నాకు బాగా అర్థమైంది.

నటన లేకపోతే ఇదంతా సగమే అయ్యేది. కార్లాక్‌కు గొంతు ఇచ్చింది బ్రిటన్‌కు చెందిన సమాంథా బేర్ట్. కేవలం మాటలే గాక దేహపు కదలికలను కూడా నటుల నుంచే తీసుకున్నందువల్ల, భుజాలు వంచి నవ్వడంలో, కాలు మార్చి కాలు మీద నిలబడడంలో, ఉత్సాహం పట్టలేక ఊగడంలో ఒక మనిషి కనిపిస్తుంది. మూడవ అంకంలో తనను అమ్మేసిన గోర్టాష్‌ను చంపిన తరువాత ఆమె కుప్పకూలే సన్నివేశం ఉంది. పగ తీరింది, కానీ ఇంజిన్ ఆమెను చంపేస్తోంది, తనకు చావాలని లేదు. అంత పెద్ద దేహం అంత నిస్సహాయంగా వణుకుతుండగా చూడడం తేలిక కాదు. ఆ సన్నివేశంలో ఆమె కోపం, ఏడుపు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వస్తాయి. బలమైన స్త్రీ ఏడిస్తే బలహీనురాలైపోయిందని చూపే కథలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఏడుస్తున్నప్పుడు కూడా ఆమె అంతే బలంగా, అంతే పెద్దగా ఉంటుంది. ఈ గేమ్ కొనడానికి ఒకే ఒక్క కారణం చెప్పమంటే ఈ సన్నివేశాన్నే చూపిస్తాను.

కార్లాక్‌ను కేవలం ప్రేమించడమే కాదు, కావాలనుకుంటే మొదటినుంచీ కార్లాక్‌గానే ఆడవచ్చు. ఈ రెండు దారులనూ తెరిచి ఉంచడం చాలా మంచి పని. ఒక దేహాన్ని బయటనుంచి చూసి ఇష్టపడడం ఒకటి, ఆ దేహంలో ఉండి లోకాన్ని చూడడం ఇంకొకటి. గేమ్ కొలమానంలో బాగా ఎక్కువైన బలం 17తో మొదలయ్యే పాత్రగా తలుపులు బద్దలుకొడుతూ, బరువులు మోస్తూ, ఎదుటివారు తనను చూసి ఒక అడుగు వెనక్కి వేయడాన్ని గమనిస్తూ నడిచినప్పుడు, పొడుగాటి అమ్మాయిలకు వీధిలో ఎదురయ్యే అనుభవాలలో కొన్ని వేరే అర్థంతో తిరిగి వస్తాయి.

2025 ఏప్రిల్ 15న వచ్చిన ఎనిమిదవ ప్యాచ్‌లో, అంటే విడుదల తరువాత ఇచ్చే సవరణలో, పన్నెండు కొత్త ఉపవర్గాలతోపాటు (పాత్రల పోరాటశైలిలోని రకాలు) ఆటలోని దృశ్యాలను ఫోటోలు తీసుకునే ఫోటో మోడ్ కూడా చేర్చారు. ఆవేశంతో పోరాడే యోధుల వర్గం, కార్లాక్ వర్గమైన బార్బేరియన్‌కు లభించిన కొత్త ఉపవర్గం రాక్షసకాయుల మార్గం. ఆవేశం పూనినప్పుడు దేహం మరింత పెద్దదవుతుంది, విసిరే శక్తి పెరుగుతుంది. నేను కార్లాక్‌కు ఆ మార్గమే ఎంచుకున్నాను. ఇప్పటికే పెద్దగా ఉన్న మనిషిని ఇంకా పెద్దగా చేయడానికి తయారీదారులు వెనుకాడకపోవడం నాకు ఎంతో ఆనందం కలిగించింది.

కార్లాక్ ఒక్కతే అయి ఉంటే, ముచ్చటగా ఒక మినహాయింపు ఇచ్చారని అనుకునేదాన్ని. కానీ రెండవ అంకంలో డేమ్ ఐలిన్ ఉంది. చంద్రదేవత సెలూనె కూతురు, మరణం లేనిది, వెండికవచం, తెల్లని రెక్కలు, కార్లాక్‌కు తీసిపోని భుజాలు. ఆమె అమరత్వాన్ని దొంగిలించి తాను చావు లేకుండా బతకడానికి కెథెరిక్ అనే సేనాపతి ఆమెను వందేళ్ళపాటు చెరలో పెట్టాడు. ఆమె ప్రియురాలు ఇసోబెల్ కెథెరిక్ కూతురే. సన్నగా, చిన్నగా ఉండే యువతి. చెర వీడిన ఐలిన్ సత్రానికి వచ్చి ఇసోబెల్‌ను కలుసుకునే ఘట్టం ఈ గేమ్‌లోని అందమైన ఘట్టాలలో ఒకటి. ఇసోబెల్ కళ్ళలో భయం లేదు, వింత లేదు. తన మనిషి తిరిగి వచ్చిందన్న ఊరట మాత్రమే ఉంది. ఎత్తయిన స్త్రీని ప్రేమించేవారు ఎవరో మనకు చూపించి, ఆ ప్రేమ చాలా కాలంగా ఉన్నదే అన్నట్టు మాట్లాడించడం వల్ల కొత్తగా ఒప్పించవలసిన పని మిగలలేదు. తరువాత బాల్డర్స్ గేట్ నగరంలో లోరోకాన్ అనే మాంత్రికుడు ఆమెను మళ్ళీ బంధించి అమరత్వం సంపాదించాలని చూస్తాడు. మనం ఆమె పక్షాన నిలిస్తే ఆమె అతణ్ణి ఎత్తి మోకాలి మీద వేసి నడుము విరుస్తుంది. కోపం ఆమె హక్కుగా కనిపిస్తుంది. ఆ కోపాన్ని చూసిన ఇసోబెల్ ఆమెను తక్కువగా ప్రేమించదు.

మన పాత్రను మనమే తయారు చేసుకునే చోట నాలుగు దేహాకృతులు ఇచ్చారు. వాటిలో రెండు కండలు తిరిగినవి, అందులో ఒకటి స్త్రీ ఆకృతి. అంటే ఎత్తుగా, బలంగా ఉన్న స్త్రీగా ఆడి, కథలో ప్రేమకు అవకాశమున్న ఏ సహచరుడినైనా సహచరినైనా ప్రేమించవచ్చు. ఇద్దరి ఎత్తులలో తేడా ఉంటే పొడవున్నవారు వంగడమో మోకరిల్లడమో జరిగేలా సన్నివేశాలు అమర్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆరవ ప్యాచ్ ముద్దుసన్నివేశాలను మరింత మెరుగుపరిచింది. అయితే ఈ ఏర్పాటులో కొరత స్పష్టంగా ఉంది. మరుగుజ్జులు, హాఫ్లింగులు వంటి జాతులకు ఆ అదనపు ఆకృతులు లేవు. ఉన్నవారికి కూడా ఎత్తు, వెడల్పు, కండ పరిమాణం మార్చుకునే వీలు లేదు. బలమైన దేహమంటే ఒకే ఒక అచ్చు. కొంచెం పొట్ట ఉన్న బలశాలి, బరువులెత్తే క్రీడాకారిణిలా మందమైన నడుము ఉన్న స్త్రీ, సన్నగా చాలా పొడుగ్గా ఉన్న స్త్రీ, వీరెవరికీ ఇందులో చోటు లేదు. మల్లీశ్వరి దేహం వంటి దేహాన్ని తయారు చేసుకోవాలని ప్రయత్నించి విఫలమయ్యాను. ముఖాల విషయంలోనూ అంతే. కార్లాక్ దేహం ధైర్యమైనదే, కానీ ముఖం మాత్రం నాజూకైన అందాల కొలతలకు దగ్గరగానే ఉంది. ముక్కు విరిగి, దవడ వెడల్పుగా ఉన్న స్త్రీని కూడా ఇంతే ప్రేమగా చూపగలిగి ఉంటే ఈ గేమ్ ఇంకొక మెట్టు పైన ఉండేది.

నాకు అసలైన అభ్యంతరం ముగింపు మీద ఉంది. కార్లాక్ ఇంజిన్ ఈ లోకంలో ఎక్కువకాలం పనిచేయదు. చివరికి మూడు దారులు మిగులుతాయి. రేవు దగ్గర అందరి ముందు కాలిపోవడం, తాను అసహ్యించుకునే నరకానికి తిరిగి వెళ్ళడం, లేదా తన దేహాన్నే వదులుకుని మైండ్ ఫ్లేయర్ అనే వికృతజీవిగా మారడం. ఇతర సహచరులకు తమ శాపాల నుంచి బయటపడి ఇంటిదారి పట్టే అవకాశం ఏదో ఒక రూపంలో ఉంటే, జీవితాన్ని అందరికంటే ఎక్కువగా కోరుకున్న ఈమెకు ఆ అవకాశం లేదు. బలమైన స్త్రీని కథ ప్రేమించినా, ఆమె సుఖంగా బతకడానికి మాత్రం ఒప్పుకోదన్న పాత అలవాటు ఇక్కడ మళ్ళీ తలెత్తింది. విషాదం గొప్పదే, నటన గొప్పదే. కానీ ఆమెకు ఒక ఇల్లు, ఒక వంటగది, ముసలితనం ఇవ్వడానికి రచయితలకు చేతులు రాలేదు. ఆటగాళ్ళు గట్టిగా కోరిన మీదట 2023 ఆగస్టు చివరిలో వచ్చిన రెండవ ప్యాచ్‌లో ఆమెతో కలిసి నరకానికి వెళ్ళే ముగింపును విస్తరించారు. నవంబరు 30న వచ్చిన అయిదవ ప్యాచ్‌లో ఆరునెలల తరువాత మిత్రులందరూ కలుసుకునే ఘట్టాన్ని చేర్చారు. అందులో ఆమె బాగుపడే ఆశ కనిపిస్తుంది. ఆ ఆశను నేను గట్టిగా పట్టుకున్నాను. అయినా అది మొదటినుంచీ కథలో ఉండవలసినది.

మరొక చిన్న సంగతి. కార్లాక్ కథ తక్కిన సహచరుల కథలతో పోలిస్తే పలచగా ఉంది. మూడవ అంకంలో తల్లిదండ్రుల సమాధుల దగ్గరకు వెళ్ళడం, మనం ప్రేమలో ఉంటే నగరంలో ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి గడపడం, గోర్టాష్‌తో తేల్చుకోవడం మినహా ఆమెకు సొంతమైన అన్వేషణ పెద్దగా లేదు. షాడోహార్ట్‌కో, ఆస్టేరియన్‌కో ఇచ్చిన విస్తీర్ణం ఈమెకూ ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది.

కొనదలచినవారికి అవసరమైన వివరాలు. పీసీలో దీనికి 150 జీబీ ఖాళీ కావాలి, అది కూడా వేగంగా పనిచేసే నిల్వసాధనమైన ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. పాత ల్యాప్‌టాప్ మీద ఆడాలని చూడకండి. విడుదలైన కొత్తలో మూడవ అంకంలో నగరంలోకి అడుగుపెట్టగానే గేమ్ బాగా నెమ్మదించేది, ప్యాచ్‌ల తరువాత పరిస్థితి చాలా మెరుగుపడింది. ఒకసారి కొన్నాక లోపల మళ్ళీ డబ్బు గుంజే దుకాణాలేవీ లేవు. ఈ రోజుల్లో ఇది గట్టిగా చెప్పుకోవలసిన గుణం. నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడవచ్చు, ఒకే తెరను రెండుగా విభజించి ఇద్దరు ఇంట్లోనే కూర్చుని ఆడవచ్చు. తెలుగు గాని, మరే భారతీయ భాష గాని లేదు. సంభాషణలు విస్తారంగా ఉన్నందువల్ల, అవన్నీ ఇంగ్లీషులోనే చదవవలసి రావడం చాలామందికి అడ్డంకి అవుతుంది. నిడివి చాలా పెద్దది. కార్లాక్ కథ కోసమే ఆడేవారు మొదటి అంకంలో నది ఒడ్డును తప్పక వెదకాలి. నరకపు ఇనుము ఎక్కడ దొరికినా అమ్మేయకుండా దాచుకోవాలి. రెండవ అంకంలో లాస్ట్ లైట్ సత్రాన్ని శత్రువుల చేతిలో పడనివ్వకూడదు. అక్కడ డామన్ చనిపోతే ఇంజిన్‌కు రెండవ మరమ్మతు జరగదు, ఆమెను తాకడం ఇక సాధ్యం కాదు.

ఇది పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన గేమ్. నగ్నత, శృంగారం, తీవ్రమైన హింస ఉన్నాయి. సెట్టింగ్స్‌లో నగ్నదృశ్యాలను ఆపివేసే వీలు ఉన్నా, హింసను అలా ఆపలేం, కనుక పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఇవ్వకండి. పెద్దవారిలో, ముఖ్యంగా తన ఎత్తు గురించో, భుజాల వెడల్పు గురించో ఇంట్లో, బడిలో మాటలు పడుతూ పెరిగిన అమ్మాయి మీకు తెలిసి ఉంటే, ఆమెకు గేములంటే ఆసక్తి ఉంటే, పుట్టినరోజు కానుకగా దీనికంటే మంచిది నాకు తోచడం లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో తరచు తగ్గింపు ధరకు దొరుకుతుంది కాబట్టి పండగల సమయంలో చూసుకుని కొనండి.